సెలవు డబ్బులు ఎవరి సొమ్ము?

ఉద్యోగం మానేశాక అడగడానికి మన ఆడవాళ్ళు మొహమాటపడే డబ్బు ఒకటుంది. ఇంగ్లండులో దాన్ని హాలిడే పే అంటారు. పనిచేసిన కాలానికి మనకు రావలసిన సెలవు రోజుల్లో వాడుకోకుండా మిగిలిపోయినవాటికి కట్టి ఇవ్వాల్సిన జీతం అది. వారానికి రెండు రోజులో మూడు రోజులో, పిల్లల్ని స్కూల్లో దింపి మళ్ళీ తెచ్చుకునేలోపు కుదిరిన పని చేసుకునేవాళ్ళం కదా, అలాంటి చిన్న ఉద్యోగానికి కూడా సెలవులుంటాయా అనుకుంటాం. మానేసిన రోజునే ఆ సంగతీ వదిలేస్తాం.

మా స్నేహితురాలు ఒకావిడ, విజయనగరం నుంచి వచ్చినావిడ, ఇక్కడ ఒక కేర్ హోమ్ వంటగదిలో వారానికి మూడు రోజులు పనిచేసి ఆగస్టు చివర మానేసింది. చివరి పేస్లిప్‌లో పనిచేసిన గంటలకి జీతం తప్ప ఇంకేమీ లేదు. "పోనీలే అక్కా, మానేసింది నేనే కదా, మళ్ళీ వెళ్ళి డబ్బులడిగితే ఏం బాగుంటుంది?" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. అది వాళ్ళు దయతలిచి ఇచ్చేదా, ఈవిడ సంపాదించుకున్నదా అన్న ప్రశ్న పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అది రెండొందల ఏళ్ళ కథ అని, అందులో ఆడవాళ్ళ పాత్ర నేననుకున్నదానికన్నా చాలా ఎక్కువ అని తెలిసింది. ఆ కథ మీకూ చెప్పి, చివర లెక్క ఎలా కట్టాలో కూడా రాస్తాను.

పండగలు పోయి మిల్లులు వచ్చాయి

హాలిడే అన్న మాటకి మొదట అర్థం పవిత్రమైన రోజు అని. మనకి ఏకాదశులూ సంక్రాంతులూ ఉన్నట్టే వాళ్ళకీ సెయింట్ల పండగలుండేవి. ఆ రోజుల్లో పని ఉండేది కాదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు కూడా ఒకప్పుడు ఏడాదికి ముప్పై పైగా పండగలకి తలుపులు మూసేది. 1834 వచ్చేసరికి వాటిని నాలుగుకి కుదించేశారు. ఆవిరి యంత్రాలు వచ్చాక యంత్రం ఆగితే నష్టం అన్న లెక్క మొదలైంది. పండగ పూట పని మానడం సోమరితనంగా మారిపోయింది.

తిరిగి సెలవు సంపాదించడం మాత్రం అంత సులువుగా జరగలేదు. చిత్రమేమిటంటే, మొదటి మెట్టు ఆడవాళ్ళ పేరు మీదే పడింది. 1850లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం జౌళి మిల్లుల్లో పనిచేసే స్త్రీలనీ, చిన్న వయసు వాళ్ళనీ శనివారం మధ్యాహ్నం 2 గంటలకే పంపెయ్యాలంది. మగవాళ్ళ గురించి ఏమీ అనలేదు. కానీ లాంకషైర్ మిల్లుల్లో ఆడవాళ్ళు బయటికి వెళ్ళిపోతే మగ్గాలు నడిపేదెవరు? మిల్లే ఆగిపోయేది. అలా మగవాళ్ళకీ శనివారం సగం పూట దొరికింది. ఇంగ్లండులో శనివారం మధ్యాహ్నాలు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు మొదలవడానికి ఈ ఒక పూట సెలవే దారి వేసిందని చెప్తారు. ఆ మగవాళ్ళు మైదానానికి పోతుంటే ఆ ఆడవాళ్ళు ఇంటికి పోయి ఆ వారం బట్టలూ గుమ్మాలూ కడుక్కునేవాళ్ళని నేను వేరే చెప్పక్కర్లేదు.

తర్వాతి మెట్టు 1871లో వచ్చిన బ్యాంక్ హాలిడేల చట్టం. దాన్ని తెచ్చినాయన సర్ జాన్ లబ్బక్. ఆయన బ్యాంకర్, పార్లమెంటు సభ్యుడు, చీమలూ తేనెటీగల మీద పుస్తకం రాసిన మనిషి, డార్విన్‌కి పొరుగువాడు. ఇంగ్లండులో ఈస్టర్ సోమవారం, విట్ సోమవారం, ఆగస్టు మొదటి సోమవారం, క్రిస్మస్ మర్నాడు, ఈ నాలుగు రోజులూ బ్యాంకులు మూసుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. బ్యాంకు మూస్తే వ్యాపారం జరగదు కాబట్టి మిగతావాళ్ళూ మూశారు. జనం సంతోషం పట్టలేక ఆ రోజుల్ని సెయింట్ లబ్బక్ పండగలని పిలుచుకున్నారు.

కానీ ఆ చట్టంలో ఒక్క ముక్క లేదు. ఆ రోజు జీతం ఇవ్వాలన్న ముక్క. రోజుకూలీకి బ్యాంక్ హాలిడే అంటే ఒక రోజు కూలి పోవడమే.

బ్లాక్‌పూల్‌లో ఉప్పు సీసాకి అద్దె

జీతం లేని సెలవు ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే లాంకషైర్ పత్తి మిల్లుల ఊళ్ళ వైపు చూడాలి. అక్కడ వేక్స్ వీక్ అని ఏడాదికోసారి ఊరు ఊరంతా మిల్లులు మూసేసేవారు. అసలు అది గుడి పండగ. మిల్లు యజమానులు ఆ రోజుల్లోనే బాయిలర్లు బాగుచేయించుకునేవారు. ఒక్కో ఊరికి ఒక్కో వారం. అందుకే వేసవి పొడుగునా ఏదో ఒక ఊరు ఖాళీ అయి, ఆ జనమంతా రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రం ఒడ్డున దిగేది.

ఆ వారం జీతం సున్నా. కాబట్టి ఏడాదంతా కూడబెట్టుకోవాల్సిందే. దానికి మిల్లుల్లో, వీధుల్లో, చర్చిల్లో గోయింగ్ ఆఫ్ క్లబ్బులని ఉండేవి. మన చీటీల లాంటివే. వారం వారం కొన్ని పెన్నీలు కట్టి, సెలవు ముందు తీసుకునేవారు. ఆ పెన్నీలు ఎక్కడ మిగులుతాయి? ఇంటి ఖర్చులో. ఇంటి ఖర్చు ఎవరి చేతిలో ఉంటుంది? ఇల్లాలి చేతిలో. అంటే భర్త సెలవుకీ, పిల్లల సెలవుకీ, తన సెలవుకీ జీతం ఇచ్చింది మిల్లు యజమాని కాదు, ఆ ఇల్లాలే.

అక్కడికి వెళ్ళాకయినా ఆవిడకి విశ్రాంతి ఉండేదా? బ్లాక్‌పూల్ బోర్డింగ్ హౌసుల్లో అప్పటి పద్ధతి ఏమిటంటే, గది అద్దెకిస్తారు, తిండి సామాను మాత్రం మనమే కొనుక్కు రావాలి. ఇల్లుగలావిడ దాన్ని వండిపెడుతుంది. బల్ల మీద పెట్టే ఉప్పూ మిరియాల సెట్టు వాడుకున్నందుకు కూడా బిల్లులో కొంత వేసేవారు. ఆ సంగతి అక్కడ ఇప్పటికీ జోకుగా చెప్పుకుంటారు. సెలవులో కూడా పొద్దున్నే లేచి, సంచీ పట్టుకుని, మాంసమూ రొట్టే కొనడానికి వెళ్ళింది మళ్ళీ ఆ తల్లే. తిరుపతి సత్రంలో దిగినా అమ్మే స్టవ్వు వెలిగించిన ఇళ్ళు మనకి తెలియనివి కాదు కదా.

1936 వేసవి, 1938 చట్టం

జీతంతో సెలవు అన్న మాట అన్ని దేశాల్లో గట్టిగా వినిపించింది 1936లో. ఆ ఏడాది ఫ్రాన్సులో లియోన్ బ్లూమ్ ప్రభుత్వం ఇంకా గద్దెనెక్కకముందే కార్ఖానాల్లో సమ్మెలు మొదలయ్యాయి. పెద్ద పెద్ద బట్టల దుకాణాల్లో సేల్స్ గర్ల్స్ కూడా అందులో కూర్చున్నారు. జూన్‌లో చట్టం వచ్చింది. ఏడాది పనిచేసిన ప్రతి ఒక్కరికీ రెండు వారాలు జీతంతో సెలవు. రైలు టికెట్టు మీద 40 శాతం తగ్గింపు కూడా ఇచ్చారు. జీవితంలో సముద్రం చూడనివాళ్ళు ఆ వేసవిలో మొదటిసారి చూశారు.

అదే జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 52వ నంబరు ఒప్పందం చేసింది. ఏడాది సర్వీసుకి కనీసం ఆరు పని దినాల సెలవు, జీతంతో. మన కథకి ముఖ్యమైన చిన్న అంశం ఒకటి అందులో ఉంది. యజమాని తన కారణాలతో మనిషిని తీసేస్తే, అప్పటికి రావలసిన సెలవు రోజులకి డబ్బు కట్టి ఇవ్వాలి. తీసేస్తే ఇవ్వాలన్నారు సరే, మనిషే మానేస్తే? దాని సంగతి అందులో లేదు. 1970లో 132వ నంబరు ఒప్పందం వచ్చాక గానీ ఉద్యోగం ఎలా ముగిసినా, పనిచేసిన కాలాన్ని బట్టి సెలవుగానో డబ్బుగానో ఇవ్వాలన్న మాట స్పష్టంగా రాలేదు. మా స్నేహితురాలి మొహమాటానికి జవాబు ఈ రెండు ఒప్పందాల మధ్య ఉన్న 34 ఏళ్ళలో ఉంది. సెలవు అనేది బాగా పనిచేసినవాడికి యజమాని ఇచ్చే బహుమానం అనుకున్నంతకాలం, మానేసినవాడికి అది దక్కలేదు. పని చేసిన ప్రతి రోజుతోపాటూ కొంచెం కొంచెం పోగయ్యే జీతం అని ఒప్పుకున్నాక, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అన్న ప్రశ్నే పోయింది.

బ్రిటన్‌లో ట్రేడ్ యూనియన్లు 1911 నుంచీ అడుగుతూ వస్తే, లార్డ్ ఆమ్యుల్రీ కమిటీ నివేదిక మీద 1938లో హాలిడేస్ విత్ పే చట్టం వచ్చింది. యూనియన్లు రెండు వారాలడిగాయి, కమిటీ ఒక వారం అంది. ఆ వారం కూడా అందరికీ హక్కు కాదు. జీతాలు నిర్ణయించే బోర్డులున్న పరిశ్రమల్లో, ఆ బోర్డులు కావాలంటే ఒక వారం వరకు ఇప్పించవచ్చని మాత్రమే చట్టం చెప్పింది. ఆ తర్వాత అరవై ఏళ్ళ పాటు బ్రిటన్‌లో సెలవు అంటే యూనియన్ బేరమాడి తెచ్చుకున్నదే. బేరమాడే యూనియన్ ఎక్కడ ఉంటుంది? గనుల్లో, రైల్వేల్లో, పెద్ద ఫ్యాక్టరీల్లో. సాయంత్రం ఆఫీసులు తుడిచే ఆవిడకి, దుకాణంలో శనివారం మాత్రం నిలబడే అమ్మాయికి యూనియన్ ఎక్కడిది?

పదహారు గంటల గీత

పార్ట్ టైం ఉద్యోగాలంటే బ్రిటన్‌లో చాలావరకు పెళ్ళయి పిల్లలున్న ఆడవాళ్ళవే. చట్టం మాత్రం వాళ్ళని సగం ఉద్యోగులుగా చూసింది. వారానికి 16 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవాళ్ళకి అన్యాయంగా తీసేస్తే అడిగే హక్కు రెండేళ్ళకి వచ్చేది. 8 నుంచి 16 గంటల మధ్య పనిచేసేవాళ్ళకి అదే హక్కు రావాలంటే ఐదేళ్ళు పట్టేది. 8 గంటలకన్నా తక్కువయితే ఎన్నేళ్ళు చేసినా లేదు.

దీని మీద సమాన అవకాశాల కమిషన్ కోర్టుకి వెళ్ళింది. 1994 మార్చిలో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఇచ్చింది. పార్ట్ టైం చేసేవాళ్ళలో అత్యధికులు ఆడవాళ్ళు కాబట్టి ఈ గంటల గీత ఆడవాళ్ళ మీద వివక్షే అంది. మరుసటి ఏడాది ఆ గీత చెరిపేశారు. 2000 జులైలో పార్ట్ టైం వాళ్ళని తక్కువగా చూడకూడదనే నిబంధనలు వచ్చాయి. ఫుల్ టైం వాళ్ళకి ఏ సెలవుంటే, గంటల నిష్పత్తిలో పార్ట్ టైం వాళ్ళకీ అదే సెలవు.

ఈలోగా 1993లో యూరప్ పని గంటల ఆదేశం వచ్చింది. నాలుగు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని. దీన్ని ఆరోగ్యమూ భద్రతా కింద తెచ్చారు. బ్రిటన్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. సెలవుకీ ఆరోగ్యానికీ సంబంధం ఏమిటని యూరప్ కోర్టులో వాదించింది. 1996లో కోర్టు ఆ వాదన కొట్టేసింది. ఆరోగ్యం అంటే జబ్బు లేకపోవడం ఒక్కటే కాదని, శరీరం, మనసు, సమాజం మూడు విధాలా బాగుండడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాటని గుర్తుచేసింది. ఈ తీర్పు గురించి చదివినప్పుడు, మా అమ్మ ఒంట్లో బాగున్నంతకాలం ఒక్కరోజు కూడా కూర్చోలేదన్న సంగతి గుర్తొచ్చింది. మంచం పడితేనే విశ్రాంతి అని మన ఇళ్ళలో రాయని చట్టం ఒకటి ఉంది కదా.

చివరికి 1998 అక్టోబరు 1 నుంచి బ్రిటన్‌లో అందరికీ వర్తించే సెలవు హక్కు వచ్చింది. మొదట మూడు వారాలు, 1999 నవంబరు నుంచి నాలుగు. వారానికి 50 గంటలు చేసినా 5 గంటలు చేసినా ఈ హక్కు ఉంది. ఉద్యోగం ముగిసేటప్పుడు మిగిలిన సెలవుకి డబ్బు ఇవ్వాలని కూడా ఆ నిబంధనల్లోనే, 14వ నిబంధనగా రాశారు.

మొదట్లో ఒక మెలిక పెట్టారు. ఒకే చోట 13 వారాలు పనిచేస్తేనే సెలవు అని. టీవీ, సినిమా పనివాళ్ళు కొద్ది కొద్ది వారాల చొప్పున పనులు మారుతూ ఉంటారు. వాళ్ళ యూనియన్ బెక్టు కోర్టుకి వెళితే, 2001లో ఆ మెలిక చెల్లదన్నారు. అప్పట్నుంచి మొదటి రోజు నుంచే సెలవు పోగవుతుంది.

5.6 వారాలు ఎలా వచ్చాయి

నాలుగు వారాలంటే, కొంతమంది యజమానులు ఎనిమిది బ్యాంక్ హాలిడేల్ని అందులోనే కలిపేశారు. వారానికి ఐదు రోజుల ఉద్యోగికి నాలుగు వారాలంటే 20 రోజులు, అందులో 8 పోతే మిగిలేవి 12. దీన్ని సరిచెయ్యడానికి 2007 అక్టోబరులో 4.8 వారాలకీ, 2009 ఏప్రిల్‌లో 5.6 వారాలకీ పెంచారు. 20కి 8 కలిపితే 28 రోజులు. 28ని 5తో భాగిస్తే 5.6. ఆ వింత అంకె వెనక ఉన్నది ఇంతే.

ఇక 12.07 శాతం అన్న ఇంకో అంకె ఉంది. ఏడాదిలో 52 వారాలు. 5.6 వారాలు సెలవు తీసేస్తే పనిచేసే వారాలు 46.4. 5.6ని 46.4తో భాగిస్తే 12.07 శాతం. అంటే పనిచేసిన ప్రతి గంటకీ ఏడు నిమిషాల పైచిలుకు సెలవు పోగవుతుందన్నమాట.

గంటలు స్థిరంగా లేనివాళ్ళకి యజమానులు ఈ అంకె వాడటం మొదలుపెట్టారు. దాని మీద పెద్ద కేసు నడిచింది. లెస్లీ బ్రజెల్ గారు బెడ్‌ఫర్డ్‌లో ఒక ఆడపిల్లల స్కూల్లో శాక్సాఫోన్, క్లారినెట్ నేర్పే టీచరు. స్కూలు నడిచే వారాల్లోనే పని, పిల్లలెంతమంది ఉంటే అన్ని గంటలు. 2011లో ఆమె సెలవు జీతాన్ని 12.07 శాతం పద్ధతికి మార్చారు. ఉద్యోగం ఏడాది పొడుగునా ఉన్నప్పుడు తనకీ పూర్తి 5.6 వారాల సెలవు రావాలని ఆమె అన్నారు. ట్రిబ్యునల్‌లో ఓడిపోయారు. ఆ పైన మూడు చోట్ల వరసగా గెలిచారు. చివరిది 2022 జులైలో బ్రిటన్ సుప్రీం కోర్టు. చట్టంలో ఆ శాతం లెక్క ఎక్కడా రాసిలేదని కోర్టు తేల్చింది.

తర్వాత ప్రభుత్వం చట్టాన్నే మార్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే సెలవు సంవత్సరాల్లో, గంటలు స్థిరంగా లేనివాళ్ళకీ, ఏడాదిలో కొన్ని వారాలు పనీ జీతమూ రెండూ లేనివాళ్ళకీ 12.07 శాతం లెక్కే వర్తిస్తుంది. బ్రజెల్ గారు గెలిచింది తన తర్వాత వచ్చేవాళ్ళకి నిలవలేదు. అయినా పదకొండేళ్ళు ఒక సంగీతం టీచరు పట్టు వదలకపోబట్టే ఆ లెక్క ఇప్పుడు చట్టంలో నల్లక్షరాలుగా రాసి ఉంది. ఎవరికి ఎంతో ఎవరైనా చూసుకోవచ్చు.

ఇక లెక్క కట్టుకుందాం

ఇది ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్‌లకి. మూడే మూడు సంగతులు తెలియాలి. ఏడాదికి మన సెలవు ఎంత, సెలవు సంవత్సరంలో ఎంత భాగం పనిచేశాం, అందులో ఇప్పటికే ఎంత వాడుకున్నాం. సెలవు సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో ఉద్యోగ ఒప్పందంలో ఉంటుంది. కొన్ని చోట్ల జనవరి, కొన్ని చోట్ల ఏప్రిల్.

మా స్నేహితురాలి లెక్క చూడండి. వారానికి 3 రోజులు, రోజుకి 5 గంటలు. గంటకి 13 పౌండ్లు అనుకుందాం. సెలవు సంవత్సరం జనవరి నుంచి.

ఏడాది సెలవు: 5.6ని 3తో గుణిస్తే 16.8 రోజులు.
ఆగస్టు చివరిదాకా పనిచేసింది కాబట్టి 12 నెలల్లో 8 నెలలు: 11.2 రోజులు.
పిల్లాడికి జ్వరమొచ్చినప్పుడూ, అత్తగారు వచ్చినప్పుడూ వాడుకున్నవి 6 రోజులు.
మిగిలినవి 5.2 రోజులు. గంటల్లో 26.
26 గంటలకి 338 పౌండ్లు.

బ్యాంక్ హాలిడే నాడు ఇంట్లో ఉండి జీతం తీసుకుంటే అది కూడా వాడుకున్న సెలవులో కలిపి ఉండొచ్చు. అది చూసుకోవాలి. బ్యాంక్ హాలిడేలు ఎక్కువగా సోమవారాలే వస్తాయి. సోమవారం పని లేనివాళ్ళకి అవి రాకపోయినా, మొత్తం 5.6 వారాలు మాత్రం రావాల్సిందే.

గంటలు వారం వారం మారేవాళ్ళకి ఇంకా సులువు. ఈ సెలవు సంవత్సరంలో 300 గంటలు చేశారనుకోండి. అందులో 12.07 శాతం సుమారు 36 గంటలు. 14 గంటలు సెలవు వాడుకుంటే మిగిలినవి 22. గంటకి 13 చొప్పున 286 పౌండ్లు. అయితే కొన్ని చోట్ల సెలవు డబ్బుని ప్రతి జీతంతోనే కలిపి ఇచ్చేస్తారు. ఈ రకం ఉద్యోగాలకి ఇప్పుడు అది చట్టం ఒప్పుకున్న పద్ధతే, కాకపోతే పేస్లిప్‌లో విడిగా చూపించాలి. అలా చూపించి ఉంటే మళ్ళీ రాదు. గంటల జీతం మారుతూ ఉంటే, జీతం వచ్చిన వెనకటి 52 వారాల సగటు తీస్తారు.

ఇంకో భయం కూడా వింటూ ఉంటాను. మనం డిపెండెంట్ వీసా మీద వచ్చాం, పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదని వీసాలో ఉంది కదా అని. హాలిడే పే ప్రభుత్వం ఇచ్చే సాయం కాదు. అది జీతం. దాని మీద పన్ను కూడా కడతాం.

అడగడానికి లాయరక్కర్లేదు. ముందు మేనేజరుకో జీతాలు చూసేవాళ్ళకో ఈమెయిల్ పెట్టండి. పైన రాసినట్టు ఐదు వరసల లెక్క, చివరి రోజు తేదీ, అంతే. ఇవ్వకపోతే ఏకాస్ అనే సంస్థ ఉచితంగా మధ్యవర్తిత్వం చేస్తుంది. ట్రిబ్యునల్‌కి వెళ్ళాలన్నా ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. దీనికి గడువుంది కాబట్టి మూడు నెలలు దాటనివ్వకండి. మా స్నేహితురాలు ఈమెయిల్ పెట్టిన మూడో రోజున, లెక్క సరిగ్గానే ఉంది, వచ్చే నెల జీతాలతో వేస్తామని జవాబొచ్చింది. వేశారు కూడా.

మన దేశంలో

ఇదంతా తెల్లవాళ్ళ దేశపు సంగతి అనుకోకండి. బొంబాయి మిల్లుల్లో ఆదివారం సెలవు కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడారు. 1890 ఏప్రిల్‌లో ఆయన పెట్టిన పెద్ద సభలో ఇద్దరు ఆడ కూలీలు కూడా లేచి మాట్లాడారు. ఆ జూన్‌లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. 1891 ఫ్యాక్టరీ చట్టంతో వారానికో సెలవు చట్టమైంది. జీతంతో ఏడాది సెలవు 1945 సవరణతో వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు సెలవు అని లెక్క కట్టింది. దానికి ఏడాదిలో 240 రోజులు పనిచెయ్యాలనే షరతు ఉండేది. తీసేసినా, మానేసినా మాత్రం ఆ షరతు లేకుండానే పోగయిన సెలవుకి డబ్బు ఇవ్వాలని, అదీ రెండు పని దినాల్లో ఇవ్వాలని 79వ సెక్షన్‌లో, సవరణలతో కలిపి, రాసుకున్నారు. 2025 నవంబరులో పాత చట్టాల స్థానంలో వచ్చిన లేబర్ కోడ్ ఆ 240ని 180కి తగ్గించింది.

నిజామాబాద్, కరీంనగర్ వైపు ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళని కూడా 1966 బీడీ కార్మికుల చట్టం మర్చిపోలేదు. ఆకూ తంబాకూ ఇంటికి తెచ్చుకుని చుట్టినా ఉద్యోగి కిందే లెక్క. ఇరవై రోజులకి ఒక రోజు సెలవు లెక్క వాళ్ళకీ పెట్టారు. కాగితం మీద ఉన్నదానికీ చేతికి వచ్చినదానికీ తేడా ఎంతో ఆ ఇళ్ళలోవాళ్ళకి బాగా తెలుసు.

ఎవరినీ తప్పు పట్టకుండా ఒక్క సంగతి అడిగి ముగిస్తాను. ఇళ్ళలో పనిచేసేవాళ్ళ కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం చేసింది. వాళ్ళకీ జీతంతో ఏడాది సెలవు ఉండాలని అందులో ఉంది. భారతదేశం దాని మీద ఇంకా ఆమోదముద్ర వెయ్యలేదు. కానీ మన వంటింటి గట్టు మీద ఆ లెక్క కట్టుకోవడానికి మనకి ఎవరి ముద్రా అక్కర్లేదు. మీ ఇంట్లో గిన్నెలు కడిగే అమ్మాయి ఏడాదిలో 300 రోజులు వచ్చిందనుకోండి. ఇరవైకి ఒకటి చొప్పున 15 రోజులు. నెలకి 3,000 ఇస్తుంటే రోజుకి 100, మొత్తం 1,500 రూపాయలు. కూతురి కాన్పుకనో, ఇల్లు మారుతున్నాననో ఆమె పని మానేసిన రోజున, ఆమె అడగకముందే, వాడుకోని రోజుల డబ్బు కట్టి చేతిలో పెట్టండి. దాన్ని బక్షీసు అనకండి. నీ సెలవు డబ్బులమ్మా అని చెప్పి ఇవ్వండి.